చెవిలో చుక్కలమందు

చెవిలో పోటు పుట్టినచో మన యిండ్లలో జరుగునది తఱచుగా నొకటే. అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయించును. దానితో తగ్గనిచో తండ్రి మందులయంగడికేగి "చెవిలో వేయు చుక్కలు" అని యడిగి చిన్నసీసా తెచ్చును. అదియు లేనిచో క్రిందటియేడు పెద్దవానికి వాడగా మిగిలిన సీసా బీరువానుండి దిగును. ఇంతమందిలో చెవిలోనికి చూచినవారు మాత్ర మొక్కరును లేరు. ప్రతివాది యెవరో తెలిసికొనక దావా వేయువానిని న్యాయస్థానమున నవ్వుదురు. వ్యాధి యెచ్చటనున్నదో చూడక మందు వేయువాని నేల నవ్వరాదు?

చెవి యొక్కటే గది కాదు. బయటిగొట్టమునకును లోపలిగదికిని నడుమ కర్ణభేరి యను పలుచనిపొర కలదు. చుక్కలమందు ఈ పొరవఱకే పోగలదు. పొర చిల్లిపడకున్నచో దానిని దాటి చీమును చేరజాలదు. ఈ యొక్కసంగతి నెఱిగినచో తక్కినది సులభముగ బోధపడును.

కాలువలలో నీదులాడు పిల్లలకును, పుల్లతోనో పిన్నీసుతోనో చెవి గెలికికొనువారికిని బయటిగొట్టము వాచి చీముపట్టును. చెవిదొప్పను కదల్చినంతనే నొప్పి హెచ్చుట దీనికి ముఖ్యమైన గుఱుతు. ఇచ్చట యాంటీబయాటిక్ చుక్కలే తగిన చికిత్స. మందు నేరుగ వ్యాధిస్థానముపై పడును గావున, సామాన్యముగా మాత్రలతో పనిలేదు.

జలుబుచేసిన పసివానికి నడిరేయి వచ్చు పోటు వేఱు. అప్పుడు చీము పొరకు వెనుకనుండును. పొర చెక్కుచెదరకుండగా ఈ చుక్కలు వేయుట, లోపల నిప్పంటుకొన్న యింటికి తలుపులు మూసి గోడలపై నీళ్లు చల్లుట వంటిది. కొంచెము పెద్దపిల్లలలో, వ్యాధి తీవ్రము కానప్పుడు, నొప్పి తగ్గించు మందిచ్చి వైద్యుని సలహాపై రెండుమూడు దినములు కనిపెట్టియుండిన పెక్కుమందికి దానంతట నదియే నయమగును. ఆఱునెలలలోపు శిశువులకును, జ్వరతీవ్రత గలవారికిని లోనికి పుచ్చుకొను మందు కావలెను.

ఇక మూడవది మిక్కిలి శోచనీయము. పొర చిల్లిపడి, వారములకొలది చెవి కారుచుండును. "చెవి కారుచున్నది, పెద్దయినచో పోవును" అని మనవారు తేలికగ త్రోసివేయుదురు. మేమెఱిగిన యొక కుటుంబమున నిట్టి బాలుడు రెండేండ్లు మందమతి యని బడిలో దెబ్బలు తినెను. వానికి మాట వినబడకుండుటయే కారణమని తుదకు తేలెను. ఇట్లు చెవికారువారు ప్రపంచమున 6 కోట్ల 50 లక్షలు మొదలు 33 కోట్లవఱకు నుందురనియు, వారిలో నూటికి 60 మందికి చెప్పుకోదగిన వినికిడిలోపము కలదనియు ప్రపంచారోగ్యసంస్థ 2004లో అంచనా ప్రకటించెను.

ఇచ్చట చుక్కలమందు మరల సముచితము. చిల్లియే దానికి దారి యిచ్చుచున్నది. శుభ్రమైన గుడ్డను వత్తిగా చేసి చీమును పీల్చి, చెవిని పొడిచేసిన పిమ్మట సిప్రోఫ్లాక్సాసిన్ వంటి చుక్కలు వేయుదురు. కాని యదే దారిన జెంటామైసిన్, నియోమైసిన్ జాతి మందులు లోపలికి జాఱి వినికిడికే చేటు తేగలవు. ఒకనికి మేలుచేసిన సీసా మఱియొకనికి కీడుచేయు ననుటకు ఇంతకంటె నిదర్శనమేల? బూజు పట్టిన చెవికి యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయకపోవుటయే కాదు, బూజును పెంచవచ్చును కూడ.

1940 నాటి చట్టము క్రింద 1945లో నేర్పడిన నియమములలోని షెడ్యూలు హెచ్ మందులను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు. నియమమున్నది, చీటి యడుగువారు అరుదు. అయినను అంగడివానినే నిందించుట సగము న్యాయము. వైద్యుడు దూరమైనచోట అంగడివాడే వైద్యుడగుచున్నాడు. చెవిలోనికి చూచు దీపపుపరికరము గొప్ప యంత్రము కాదు. అది ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమున నుండవలెననియు, దానితో చూడనేర్చినవా రుండవలెననియు ప్రజలు పట్టుబట్టి యడుగవలెను.

చెవివెనుక వాపు, మూతి వంకరపోవుట, తలతిరుగుట, మధుమేహరోగికి విడువని చెవిపోటు — వీనిలో నేది కనబడినను ఒక్కదినమైన నాలసింపరాదు. తక్కినవారికి మా విన్నపమిది: నూనెగిన్నెను ప్రక్కనబెట్టుడు, పాతసీసాను పాఱవేయుడు, ముందు చెవిని చూపింపుడు. వినికిడి పోయిన బిడ్డకు చదువును పోవును, తోడివారితో మాటయు పోవును. ఆ నష్టమునకు పరిహారమిప్పించు న్యాయస్థాన మేదియు లేదు.