పాలసీసా నుంచి భోజనపు పళ్లెం దాకా

పసితనంలో పాలు పట్టిన తీరుకూ, మూడు నాలుగేళ్ల వయసులో పిల్లలు అన్నం దగ్గర పెట్టే పేచీకీ సంబంధం ఉందా? ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు ఇళ్లలోనూ ఈ ప్రశ్న వినవస్తూనే ఉంటుంది.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు శిశువులలో 63.7 శాతం మంది కేవలం తల్లిపాలపై పెరుగుతుండగా, ఛత్తీస్‌గఢ్‌లో వారు సుమారు 80 శాతం. అయితే ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది దేశం మొత్తం మీద 11.3 శాతానికే. చిక్కంతా అన్నప్రాశన తర్వాతే మొదలవుతున్నదన్న మాట.

తల్లి తిన్న ఆహారపు రుచులు చనుబాలలోకి చేరుతాయి. అమెరికాలోని మోనెల్ పరిశోధన సంస్థ 2001లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భిణిగానో బాలింతగానో క్యారెట్ రసం తాగిన తల్లుల శిశువులు ఆ రుచి కలిసిన ఆహారానికి ముఖం చిట్లించడం తక్కువగా కనిపించింది. డబ్బాపాలకు పూటపూటకూ ఒకే రుచి.

పాలు ఏవన్నదే కాక, ఎలా పట్టారన్నదీ ముఖ్యమే. రొమ్ము దగ్గర కడుపు నిండితే బిడ్డే నోరు తిప్పేసుకుంటుంది. సీసాతో పట్టేటప్పుడు అడుగున మిగిలిన పాల మీద పెద్దల చూపు పడుతుంది. అమెరికాలో 2010లో వెలువడిన పరిశీలన ప్రకారం, తొలి నెలల్లో రొమ్ముపాలు మాత్రమే తాగిన శిశువులలో 27 శాతం మంది ఏడాది దగ్గరపడే వేళకు గిన్నె, సీసా పూర్తిగా ఖాళీ చేస్తుండగా, సీసాతోనే పెరిగినవారిలో అది 68 శాతం. సీసాలో ఉన్నవి తల్లిపాలే అయినా ధోరణి అదే. ఇది పరస్పర సంబంధమే గాని, కారణమని రుజువు కాలేదు.

తల్లిపాలను సర్వరోగనివారిణిగా చెప్పడమూ సరికాదు. బెలారస్‌లో పదిహేడు వేల మంది తల్లీబిడ్డలతో సాగిన ప్రయోగంలో, తల్లిపాలను ప్రోత్సహించినా పదకొండేళ్ల వయసుకు స్థూలకాయం తగ్గలేదు.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ నల్గొండ జిల్లాది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అరవై గ్రామాలలో, మూడు నెలల వయసు నుంచి పదిహేను నెలల వరకు శిశువుల తల్లులను కలుస్తూ, అనుబంధాహారంపై సలహాలు అందించారు. ఒక బృందానికి అదనంగా బిడ్డ ఆకలి సంకేతాలను గమనించి, మాట్లాడుతూ, ఆడిస్తూ తినిపించడం నేర్పారు. 2013లో వెలువడిన ఫలితాలలో సలహాలు పొందిన పిల్లల ఆహారం మెరుగుపడింది. ఆడిస్తూ తినిపించిన బృందంలో మానసిక వికాసమూ హెచ్చింది. చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన మన పెద్దలకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ చందమామ స్థానంలోకి సెల్‌ఫోన్ రావడమే కొత్త. తెర మీద కళ్లు పెట్టిన బిడ్డ ఎంత తిన్నదీ తనకే తెలియదు.

తయారీ ఆహారాలతో మరో చిక్కుంది. భారత్‌లో విక్రయించే సెరెలాక్‌లో ఒక్కో వడ్డనకు సగటున 2.7 గ్రాముల అదనపు చక్కెర ఉన్నదని స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ 2024లో వెల్లడించింది. ఏడాది లోపే తీపి మరిగిన నాలుకకు తోటకూర పప్పు రుచించడం కష్టమే.

2017 నాటి చట్ట సవరణ ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. సరిగ్గా ఆరు నెలలు. భిలాయి క్వార్టర్లలో ఇంటి పనులు చేసే మహిళలకు, రోజుకూలీలకు మాత్రం అది అందని మానిపండే. పనికి వెళ్లే తల్లి పాలు పిండి ఉంచితే, ఇంట్లోని పెద్దలు సీసా బదులు గిన్నెతో గాని, పాత ఉగ్గుగిన్నెతో గాని పట్టవచ్చు. చల్లని గదిలో ఆ పాలు సుమారు నాలుగు గంటలు నిలుస్తాయి. ఇక్కడి మే నెల ఎండల్లో అంతసేపు బయట ఉంచరాదు.