సంగీతమునకు తగిన డిస్కు

పాఠశాల వార్షికోత్సవములలో హార్మోనియము ప్రక్కన ల్యాప్‌టాపు కూడ కానవచ్చుచున్న కాలమిది. పియానో ధ్వనిని పలికించుటకును, పిల్లల పాటలను రికార్డు చేయుటకును దానిని వాడుచున్నారు. అట్టి యంత్రమును కొనునపుడు పెద్దలు సాధారణముగా నడుగు ప్రశ్న "ఎన్ని గిగాబైట్ల డిస్కు?" అనునది. అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు గలవని మా యభిప్రాయము: అది యెట్టి డిస్కు? అది చెడినచో పాట యెక్కడ మిగులును?

మొదట పరిమాణపు లెక్క చూతము. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు చొప్పున ఒక మైక్రోఫోనునకు సెకనుకు 1,44,000 బైట్లు పట్టును. 16 మైక్రోఫోనులతో గంటసేపు రికార్డు చేసినను సుమారు 8.3 గిగాబైట్లు మాత్రమే యగును. కావున 500 గిగాబైట్లు గలిగినచో పాఠశాల యవసరములకు చాలును.

ఇక డిస్కు జాతి. హార్డు డిస్కులో పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగుచుండగా, చిన్న ముల్లువంటి భాగమొకటి యటునిటు కదలుచు చదువును. ఒకే పాటను వరుసగా చదువుటకు దానికి కష్టము లేదు. కాని పియానో సాఫ్ట్‌వేరులు పెక్కు ప్రతి స్వరముయొక్క ఆరంభమును మాత్రమే మెమరీలో నుంచుకొని, తక్కిన భాగమును అప్పటికప్పుడు డిస్కునుండి తెచ్చుకొనును. పదివ్రేళ్లు ఒక్కమారు మీటలను నొక్కినపుడు ఆ ముల్లు పదిచోట్లకు పరుగిడవలెను. అది ఆలస్యమైనచో స్వరము తెగిపోవును.

వేదికపై మఱియొక యపాయము గలదు, అది ధ్వనియే. 2008వ సంవత్సరమున బ్రెండన్ గ్రెగ్ అను ఇంజనీరు డిస్కుల వరుస యెదుట నిలిచి బిగ్గరగా అరవగా, వాని పని తత్క్షణమే మందగించుట కొలతలలో కానవచ్చెను. మైక్రోసాఫ్టు ఉద్యోగి రేమండ్ చెన్ 2022లో తెలిపిన వృత్తాంతము ఇంకను వింతయైనది. విండోస్ ఎక్స్‌పీ నాటి కొన్ని ల్యాప్‌టాపులు జానెట్ జాక్సన్ పాడిన 'రిథమ్ నేషన్' వినిపింపగా నిలిచిపోవుచుండెనట. ప్రక్కన ఊరకయున్న ల్యాప్‌టాపు సైతము నిలిచిపోయెనట! ఆ పాటలోని యొక ధ్వని 5,400 చుట్ల డిస్కుయొక్క సహజ కంపనముతో కలియుటయే అందులకు హేతువు.

కావున వేదికపై వాడు యంత్రమున కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. యుండవలెను. అందును మిక్కిలి వేగమైనదానికై సొమ్ము వ్యయపఱుప నక్కఱలేదు. సాధారణమైన సాటా ఎస్.ఎస్.డి. సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువును. పైని చెప్పిన 16 మైక్రోఫోనుల రికార్డునకు కావలసినది 2.3 మెగాబైట్లే. ఎన్.వి.ఎం.ఇ. జాతివి ఇంకను అనేక రెట్లు వేగవంతములు. ఐనను సంగీతమునకు ఆ భేదము వినబడదు. ల్యాప్‌టాపులో ఏ జాతిది అమరునో అడిగి తెలిసికొనుట అంతకంటె ముఖ్యము. వాయించు స్వరములను లోపలి డిస్కులోనే యుంచవలెను. బయట తగిలించిన డిస్కుయొక్క తీగ ఎవరి కాలికైన తగిలి ఊడవచ్చును.

అట్లని హార్డు డిస్కును పాఱవేయుమని మేము చెప్పుట లేదు. ఎస్.ఎస్.డి. ఒక్కొక్కప్పుడు ముందుగా నే సూచనయు నీయక చెడును. పిదప అందలి విషయమును వెలికి తీయుట మిక్కిలి కష్టము. కావున మిగిలిన సొమ్ముతో బయట తగిలించు హార్డు డిస్కు నొకదానిని కొని, ఉత్సవము ముగిసిన రాత్రియే పాటలన్నిటిని దానిలోనికి నకలు చేసి, వేఱొకచోట భద్రపఱుపవలెను. పెద్ద డిస్కు ఒకటి కొనుటకంటె మితమైనవి రెండు కొనుట మేలు.

తలిదండ్రులారా, ఈ వ్యయము అధికమని తలంపకుడు. నేడు పండ్రెండేండ్ల బాలుడు పాడిన కంఠము రెండేండ్లలో మాఱిపోవును. డిస్కు చెడినచో మఱియొకటి కొనవచ్చును. ఆ బాలునిచేత ఆ కంఠముతో మరల పాడించుట యెవరికిని సాధ్యము కాదు. విద్యార్థులారా, నకలు తీయు బాధ్యతను మీలో నొకరు ఈ యేడే స్వీకరింపుడు.