ఇంజను విప్పే ముందు ట్యాంకు మూత చూడండి

ఎద్దులబండి మోసిన బరువంతా ఇప్పుడు మోటారు సైకిలు మీదే పడింది. పాల క్యాన్లు, 45 కిలోల యూరియా బస్తా, స్ప్రేయరు, బడికెళ్లే పిల్లాడు, ఏదైనా దాని వెనకే ఎక్కాలి. అయినా గిత్త మేత మానితే ఆ పూటే నోరు తెరిచి నాలుక చూసే మనం, బండి లాగడం మానితే మాత్రం తాళంచెవి తీసుకెళ్లి మెకానిక్కు చేతిలో పెట్టేస్తాం. ‘బోరు పోయింది, ఇంజను విప్పాలి’ అంటే తలూపి వస్తాం. ఈ అలవాటు మారాలన్నదే నా మాట.

నా దగ్గరున్నది ఇరవై ఏళ్లు దాటిన వంద సీసీ బండి. కిందటేడు నాట్ల రోజుల్లో మొరాయించింది. పొద్దున్నే పాల కేంద్రానికి బయల్దేరితే రెండు మైళ్లు బాగానే పోయేది. తర్వాత ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయేది. పావుగంట ఆగి కిక్కు కొడితే మళ్లీ స్టార్టయ్యేది. ఇలాగే రెండుసార్లు దారిలో ఆలస్యమై పాలు విరిగాయి. మండల కేంద్రంలో ఓ షాపులో చూపించాను. కుర్రాడు స్టార్టు చేసి, నాలుగుసార్లు రేసు ఇచ్చి, ‘బోరు, పిస్టను మార్చాలి బాబాయ్, ఎనిమిది వేలు అవుద్ది’ అన్నాడు. ఇంట్లో ఉన్న ఎనిమిది వేలూ నాటు కూలీలకు దాచినవి. వేరే దారి లేక అవే తీసి ఇద్దామనుకున్నాను.

మా ఊళ్లో ఆయిలింజన్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. సంగతి విని, ‘ఆగినప్పుడు ట్యాంకు మూత తీసి చూశావుటయ్యా?’ అని అడిగారు. మర్నాడు ఆగినచోటే మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి లాగింది. ఒక్క కిక్కుకే స్టార్టయింది. మూతలో ఉండే సన్నటి గాలి రంధ్రం మట్టితో పూడిపోయిందన్నమాట. పెట్రోలు ఖర్చయిన మేరకు లోపలికి గాలి పోకపోతే, మిగతా పెట్రోలు కిందికి దిగదు. మూత కడిగి, గాలి ఊది, సన్న తీగతో ఆ రంధ్రం శుభ్రం చేశాను. పైసా ఖర్చు కాలేదు. కూలీల డబ్బు కూలీలకే అందింది.

ఆ కుర్రాడు మోసం చేశాడని నేననను. బండి ఆగేది దారిలో, షాపులో కాదు. ఎంత దూరం పోయాక ఆగుతోందో, ఎంతసేపటికి మళ్లీ లేస్తోందో నేను చెప్పలేదు, అతను అడగలేదు. డాక్టరు దగ్గరికెళ్లి ‘ఒంట్లో బాగాలేదు’ అని ఊరుకుంటే వైద్యం ఎలా కుదురుతుంది?

ఇంజను సరిగ్గా నడవాలంటే పెట్రోలు, గాలి, నిప్పు, బిగువు ఈ నాలుగూ ఉండాలి. మొదటి మూడూ చవకలో తేలేవి. జేబు ఖాళీ చేసేది నాలుగోదే. కాబట్టి వెతకడం కూడా ఈ వరసలోనే జరగాలి.

ముందు పెట్రోలు. ట్యాంకు మూత, పెట్రోలు కుళాయి దగ్గరి జాలీ చూడాలి. కార్బొరేటర్ అడుగు గిన్నెకున్న స్క్రూ వదులు చేసి, కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టండి. అడుగున నీళ్లో, తుప్పు రజనో కనిపిస్తే దొంగ దొరికినట్టే. 2025 నాటికి మన దేశం పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరింది. ఇథనాల్‌కు తేమను పీల్చే గుణముంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి త్వరగా పాడు కావచ్చు. భయపడాల్సిన పనిలేదుగానీ, బండిని నెలల తరబడి కదపకుండా పెట్టొద్దు. గొట్టం మెత్తబడినా, పగుళ్లు వచ్చినా మార్చేయండి. ఈ పని చేసేటప్పుడు దరిదాపుల్లో బీడీ వెలిగించొద్దు.

తర్వాత గాలి. ఊక, నల్లరేగడి దుమ్ము, పత్తి నూగు పట్టి ఫిల్టరు మూసుకుపోతే బండి నల్లపొగ వదుల్తుంది, పెట్రోలు తాగుతుంది. కాగితం ఫిల్టరు కడగకూడదు, మార్చాల్సిందే. ఇంకో కిటుకు. వేడెక్కిన బండికి చోక్ వేసి చూడండి. అప్పుడు బాగా లాగితే పెట్రోలు చాలడం లేదని, జెట్టు మూసుకుపోయి ఉండొచ్చని అర్థం.

మూడోది నిప్పు. ఇంజనుకు ప్లగ్గే నాలుక. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ. ఫోర్ స్ట్రోకు బండి ప్లగ్గు మీద ఆయిలు జిడ్డు ఉంటేనే లోపలి జబ్బు అనుమానించాలి.

ఈ మూడూ బాగున్నా పికప్ లేదంటారా? స్టాండు వేసి చక్రం తిప్పి చూడండి. బ్రేకు పట్టేసి ఉంటే పాపం ఇంజను ఏం చేస్తుంది? రేసు పెరిగినా బండి ముందుకు పోకపోతే క్లచ్ ప్లేట్లు చూపించండి.

చివరిది బిగువు. ఇంజను ఆపి కిక్కు మెల్లగా నొక్కితే ఒకచోట గట్టిగా ఎదురు నిలవాలి. నిలవకపోయినా తొందరపడొద్దు. ట్యాపెట్లు మరీ బిగుసుకున్నా బిగువు పోతుంది. ముందు వాటిని సెట్ చేయించండి. అప్పటికీ ఎదురు రాకపోతే, ఫోర్ స్ట్రోకు బండి నీలిపొగ వదుల్తూ ఆయిలు తాగేస్తుంటే, అప్పుడు నిస్సందేహంగా విప్పించండి. ఆ ఖర్చు దండగ కాదు. మార్చిన సామాను మాత్రం తిరిగి ఇమ్మని అడగండి.

‘మెకానిక్కు ఉండగా మనకెందుకీ గోల’ అనొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లన్నీ దాదాపు ఇంజెక్షన్‌కు మారాయి. కార్బొరేటర్ చేత్తో పట్టి చెప్పగల పాతకాలపు పనివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. పాత బండ్లు మాత్రం మన చావిళ్లలోనే ఉన్నాయి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో రైతులకు ఎన్నో శిక్షణలు ఇస్తున్నారు. అందులో ఒక్క పూట మోటారు సైకిలుకు కేటాయిస్తే, ఊరికి నలుగురు కుర్రాళ్లు నేర్చుకుంటే చాలు.

అంతవరకు ఎవరి బండికి వాళ్లే మొదటి వైద్యులు. ఈసారి బండి దారిలో ఆగితే తిట్టుకుంటూ తోసుకురాకండి. ముందు ట్యాంకు మూత తిప్పి, చెవి పెట్టి వినండి.