ఒక గురువు, ఇద్దరు శిష్యురాళ్లు

చలికాలం రాత్రుళ్లు లాల్‌దర్వాజా గల్లీల్లో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి పిల్లలు షటిల్ ఆడుతుంటారు. ఎవరిని కదిపినా సైనా, సింధు అంటారు. ఇద్దరికీ నేర్పినవారు పుల్లెల గోపీచంద్. ఆ ముగ్గురి మధ్య వచ్చిన ఎడబాటును అప్పట్లో మనం ఆటల పేజీ వార్తగా చదివి వదిలేశాం. మన సంఘాల్లో సండే స్కూల్ టీచర్లు ఉన్నారు, పిల్లలకు కీబోర్డు నేర్పేవారు ఉన్నారు, బిడ్డల్ని కోచింగ్‌లకు పంపే తల్లిదండ్రులు ఉన్నారు. అందుకే ఆ సంగతిని మళ్లీ ఒకసారి చూడాలనిపించింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం గెలిచారు. అప్పటికి గోపీచంద్ అకాడమీకి ఆమే పెద్ద పేరు. ఆ తర్వాత రెండేళ్లలోనే పి.వి. సింధు ఎదిగి వచ్చారు. 2013లో, 2014లో వరుసగా ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యాలు సాధించారు. గురువు ఒక్కరే, రోజుకు గంటలు అవే. 2014 సెప్టెంబరులో సైనా హైదరాబాద్ విడిచి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు ఆమె వయసు 24. మరుసటి ఏప్రిల్‌కల్లా ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు అందుకున్నారు. భారతీయ మహిళల్లో అంతకుముందు ఎవరికీ దక్కని స్థానమది.

గోపీచంద్ చాలాకాలం నోరు విప్పలేదు. 2020 జనవరిలో వచ్చిన ఒక పుస్తకంలో తన బాధ చెప్పుకున్నారు. బాగా దగ్గరైనదేదో తన నుంచి ఎవరో తీసుకుపోయినట్టు అనిపించిందట. సైనాను నిర్లక్ష్యం చేయాలన్న ఉద్దేశం తనకు లేదనీ, సింధు బాగా ఎదుగుతుండడంతో ఇతరులనూ చూసుకోవలసి వచ్చిందనీ అన్నారు. అక్కడితో ఆగలేదు. బెంగళూరులోని పెద్దలు, ప్రకాశ్ పదుకొనే, విమల్ కుమార్, ఆమెను ఆపకుండా ప్రోత్సహించారని నొచ్చుకున్నారు. సైనా నిర్ణయంలో తమ పాత్ర ఏమీ లేదని ప్రకాశ్ అకాడమీ వెంటనే బదులిచ్చింది.

ఆ బాధ నిజమైనదే. అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి ఆయన. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు ఫోను తీసి దాచారు, ఐస్‌క్రీమ్ మాన్పించారు, వెండి పతకం వచ్చాకే ఫోను తిరిగి ఇచ్చారు. కన్నతండ్రి కూడా అంత కఠినంగా ఉండడం కష్టం. అలా పెంచినవాడికి శిష్యురాలు వెళ్లిపోతే బిడ్డ ఇల్లు దాటినట్టే ఉంటుంది. కానీ బెంగళూరు పెద్దలను తప్పుపట్టడం దగ్గర మేము ఆయనతో ఏకీభవించలేం. ఎందుకంటే గోపీచంద్ నడిచిన దారీ అదే. హైదరాబాద్‌లో ఆయనకు ఆట దిద్దినవారు ఎస్.ఎం. ఆరిఫ్. అక్కడి నుంచి ఆయన వెళ్లింది బెంగళూరులోని ప్రకాశ్ పదుకొనే అకాడమీకే. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచినప్పుడు ఆరిఫ్ శిష్యుడన్న పేరు ఆయనకు పోలేదు. ఆరిఫ్‌ను వదిలి వెళ్లాడని ఎవరూ ఆయనను నిందించనూ లేదు.

క్రీడాకారిణికి మంచి వయసు పట్టుమని పదేళ్లు. కోచ్‌కు వచ్చే ఏడాది మరో శిష్యుడు దొరుకుతాడు, ఆమెకు మాత్రం ఆ ఏడాది తిరిగి రాదు. తనకు చాలినంత సమయం దొరకడం లేదని ఆమెకు అనిపిస్తే అది తప్పా? సైనాది ద్రోహమన్నవారు అప్పట్లో మన చుట్టూ ఎందరో ఉన్నారు. మనమూ టీ తాగుతూ ఆ మాట అన్నామేమో.

2017 సెప్టెంబరులో సైనా తిరిగి గోపీచంద్ దగ్గరికి వచ్చారు. ఆయన చేర్చుకున్నారు. మాకు అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే, అయినా దీన్ని గురించి మాట్లాడుకున్నవారు తక్కువ. అంతటితో చిక్కు తీరిపోలేదు. 2018 ఏప్రిల్‌లో కామన్వెల్త్ ఫైనల్‌లో సైనా, సింధు ఎదురెదురుగా నిలిచారు. 21-18, 23-21తో సైనా గెలిచారు. ఒకే దేశం వాళ్లు తలపడితే కోచ్‌లు కోర్టు పక్కన కూర్చోకపోవడం ఆనవాయితీ. ఆ రోజు గురువు మనసు ఎటుందో మనకెలా తెలుస్తుంది?

తర్వాత సింధు వంతు వచ్చింది. శిక్షణ శిబిరంలో అమ్మాయికి సరైన సాధన దొరకడం లేదని 2020లో ఆమె తండ్రి రమణ బాహాటంగానే అన్నారు. గోపీచంద్‌తో తనకు గొడవేమీ లేదని సింధు వివరణ ఇచ్చుకున్నారు. టోక్యోకు మాత్రం కొరియా కోచ్ పార్క్ తే సాంగ్ దగ్గర గచ్చిబౌలి స్టేడియంలో సిద్ధమయ్యారు.

మన గుడుల్లోనూ ఇదే జరుగుతుంది. రెండేళ్లు కూర్చోబెట్టి కీబోర్డు నేర్పిన అబ్బాయి ఇంకో సంఘం బృందంలో వాయించడానికి వెళితే ఎంతమంది మాస్టర్లు ఆ ఇంటివాళ్లతో మాట మానేయలేదు? అటువైపు, ఒక్క మాట చెప్పకుండా పిల్లవాణ్ని మాన్పించేసిన అమ్మానాన్నలూ తక్కువేం కాదు. మాస్టరుకు ఆ కబురు వేరేవాళ్ల నోటి నుంచి చేరుతుంది. ఎక్కువ గాయం చేసేది వెళ్లడం కాదు, ఆ చెప్పకపోవడమే. అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి, మాస్టరు ముఖం చూసి చెబితే కాసేపు ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

2021 ఆగస్టు 1న టోక్యోలో సింధు కాంస్యం గెలిచారు. గోపీచంద్ అక్కడికి వెళ్లలేదు, తన స్థానాన్ని మరో కోచ్‌కు వదిలేశారు. గోపీ సార్ నుంచి అభినందన సందేశం వచ్చిందని ఆమె విలేకరులకు చెప్పారు.