పాత ఆటగాళ్లు... కొత్త లీగు!

పుస్తకం ఎక్కడో ఒకచోట తెరవడం, పేజీ నంబరులో చివరి అంకెను పరుగులుగా రాసుకోవడం, సున్నా వస్తే ఔటనుకోవడం... బుక్ క్రికెట్ ఆడని పిల్లలు ఒకప్పుడు అరుదు. కాకపోతే అందులో ఓ చిక్కుంది. బ్యాటింగ్‌కి సచిన్ వచ్చినా, చిట్టచివర్లో వెంకటపతిరాజు వచ్చినా పేజీలకు ఒకటే!

అమెరికాలో హాల్ రిచ్‌మన్ అనే పదకొండేళ్ల కుర్రాడికి పట్టుకున్న ఆలోచన కూడా అలాంటిదే. పాచికలతో ఆడే బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాడు గొప్పగా, మామూలు ఆటగాడు మామూలుగా ఆడాలంటే ఏం చెయ్యాలి? 1948లో మొదలెట్టిన ఆ కసరత్తు 1961లో ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ అనే ఆటగా మార్కెట్లోకి వచ్చింది. ఆటగాడికో కార్డు, చేతిలో మూడు పాచికలు. ఒక పాచిక ఎవరి కార్డులో ఏ వరుస చూడాలో చెబుతుంది. మిగతా రెండింటి మొత్తం అక్కడ ఏం జరిగిందో చెబుతుంది. రెండు పాచికలకు ఏడు పడే అవకాశం 36లో ఆరుసార్లు, పన్నెండు పడేది ఒక్కసారే. హోమ్‌రన్లు బాదే వీరుడి కార్డులో తరచూ పడే అంకెల పక్కన హోమ్‌రన్ ఉంటుంది. కిటుకంతా అదే. అంతకు పదేళ్ల ముందే, 1951లో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ నుంచి రిచర్డ్ సైట్జ్ ‘ఆప్బా’ అనే కార్డుల ఆటను తెచ్చాడు.

కంప్యూటర్లు వచ్చాక కార్డుల పని తెరమీదికి మారింది. 1871 నుంచి ఆడిన ఆటగాళ్ల లెక్కలన్నీ కూర్చి, షాన్ లామన్ అనే పాత్రికేయుడు 1990ల్లో ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టాడు. 1999లో జర్మనీకి చెందిన మార్కస్ హైన్‌సోన్ ‘అవుట్ ఆఫ్ ద పార్క్’ అనే ఆటను తయారుచేశాడు. ఇలాంటి ఆటల్లో చరిత్రలోని ఏ ఏడాదినుంచైనా లీగు మొదలుపెట్టొచ్చు. 1901 అనుకుంటే ఆ ఏటి ఆటగాళ్లంతా తమతమ జట్లలో సిద్ధం. సీజను ముగిశాక, మరుసటి ఏడాది నిజంగా రంగప్రవేశం చేసిన కుర్రాళ్లు వచ్చి చేరతారు. వాళ్లను అసలు జట్లకే పంపొచ్చు. లేదంటే వంతులవారీగా ఎంచుకోవచ్చు. అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు ఇవ్వడం రివాజు.

ఇక్కడే తమాషా. 1914లో బోస్టన్ జట్టులోకి వచ్చిన బేబ్ రూత్ ఓ కుర్ర పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు. అతను 714 హోమ్‌రన్లు కొడతాడని అప్పుడెవరికి తెలుసు? కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం ముందే తెలుసు! అందుకే కొందరు ఆటగాళ్లు ఏ ఏడాది వస్తారో కలగాపులగం చేసేస్తారు. ఎవరు ఎప్పుడొస్తారో తెలీకపోతేనే కదా మజా.

లెక్కలను ఉన్నదున్నట్టు నమ్మినా ప్రమాదమే. 1963లో జాన్ పచోరెక్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు హ్యూస్టన్ తరఫున బ్యాటు పట్టి మూడు ప్రయత్నాల్లో మూడు హిట్లు కొట్టాడు. వెన్నునొప్పి మళ్లీ పెద్ద లీగు ఆడనివ్వలేదు. సగటు నూటికి నూరు! దాన్నే కార్డుమీద ఎక్కిస్తే రూత్ కూడా అతని ముందు దిగదుడుపే. అందుకే తక్కువ ఆడినవాళ్ల సగటును నలుగురి స్థాయికి దించుతారు, లేదా ఆడే మ్యాచులకు పరిమితి పెడతారు.

కాలాన్నిబట్టి కూడా అంకెల విలువ మారుతుంది. 1930లో నేషనల్ లీగు మొత్తం సగటు 0.303. 1968లో అమెరికన్ లీగులో అందరికన్నా మిన్నగా ఆడిన కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు 0.301! అంటే అతను 1930 నాటి మామూలు ఆటగాడికన్నా తక్కువనా? కానే కాదు. 1968 పిచర్లు ఏలిన కాలం. మరుసటి ఏడాది వాళ్లు నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించాల్సి వచ్చింది. అందుకే ఆటగాణ్ని తన తోటివాళ్లతో పోల్చి తూచాకే వేరే కాలంలోకి పంపుతారు.

మరి ఆడాల్సిన రోజుల్లో ఆడలేకపోయినవాళ్లో? టెడ్ విలియమ్స్ 1943 నుంచి 1945 దాకా సైన్యంలో ఉన్నాడు. కొరియా యుద్ధంలో పైలట్‌గా వెళ్లడంతో 1952, 53 సీజన్లూ చాలావరకు పోయాయి. అయినా 521 హోమ్‌రన్లు కొట్టాడు. ఏటికేడు అసలు లెక్కలనే నమ్మే లీగులో ఆ మూడేళ్లూ అతను కనపడడు. ముందువెనకల ఏళ్లను చూసి కంప్యూటర్ అంచనా వేసే లీగులో మాత్రం హాయిగా ఆడేస్తాడు. యుద్ధం మింగేసిన ఏళ్లు అలా వెనక్కొస్తాయి.

లెక్కల్లోకే ఎక్కనివాళ్ల సంగతి మాత్రం అంత తేలిక కాదు. జోష్ గిబ్సన్ గొప్ప క్యాచర్, అంతకన్నా గొప్ప హిట్టర్. కానీ నల్లజాతివాడు. పెద్ద లీగుల తలుపులు అతని జాతివాళ్లకు దశాబ్దాలపాటు మూసే ఉన్నాయి. నీగ్రో లీగుల్లోనే ఆడి, 1947 జనవరి 20న, 35 ఏళ్లకే కన్నుమూశాడు. మూడునెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టి ఆ గోడను బద్దలుకొట్టాడు. పెద్ద లీగుల లెక్కలతోనే కూర్చిన ఆటలో 1930ల లీగును ఎన్నిసార్లు మొదలెట్టినా గిబ్సన్ రాడు. పెద్దలు నాడు చేసిన తప్పును కంప్యూటర్ బుద్ధిగా మళ్లీ మళ్లీ చేస్తుంది!

పరిశోధకులు పాత పత్రికల్లో మ్యాచుల వివరాలు వెతికి, ఒక్కొక్కటే పోగుచేసి ఆ లోటు పూడ్చారు. 2009లో స్ట్రాట్-ఓ-మ్యాటిక్ నీగ్రో లీగుల తారలకు కార్డులు తెచ్చింది. 1920-48 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులను పెద్ద లీగులుగా 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ గుర్తించింది. 2024 మేలో ఆ లెక్కలు అధికారికంగా కలిశాక, జీవితకాల సగటులో 0.372తో గిబ్సన్ మొదటిస్థానానికి చేరాడు. అప్పటిదాకా అక్కడున్న టై కాబ్ సగటు 0.367.

ఇప్పుడు గిబ్సన్‌ను పెద్ద లీగులోకి ఎప్పుడు పిలవాలన్నది లీగు నడిపేవాళ్ల ఇష్టం. చరిత్రను ఉన్నదున్నట్టు నడపాలనుకునేవాళ్లు అతణ్ని నీగ్రో లీగుల్లోనే ఉంచుతారు. గోడ లేకపోతే ఏమయ్యేదో చూడాలనుకునేవాళ్లు అతని పేరు పక్కన 1930 అని వేస్తే సరి, పద్దెనిమిదేళ్ల కుర్రాడు బ్యాటు పట్టుకుని వచ్చేస్తాడు. నిజంగా ఆ ఏడాది అతణ్ని పిలవడానికి పెద్ద లీగుల జట్లకున్న యజమానుల్లో ఒక్కరికీ మనసొప్పలేదు.