చౌడు మిద్దెల చక్కదనము

బళ్లారి సీమలోని పాత మట్టిమిద్దెలను జూచివచ్చిన మిత్రులు వాని శైథిల్యమునే సౌందర్యముగా వర్ణింతురు. పెచ్చులూడిన గోడయు, అరుగుపై మొలచిన రావిమొక్కయు వారికి రమణీయములు. మాకిది సమ్మతము కాదు.

మిద్దె యందము మనుష్యుని చేతిలో నున్నది. దూలములపై దంతెలు వేసి, మన్ను పఱచి, పైని చౌడు చల్లుదురు. ఆ మందపు కప్పు వేసవి తాపమును లోనికి రానీయదు. గవాక్షి వెలుగు నిచ్చును. తొలకరికి ముందు చౌడు చల్లుట మానినచో నీరు దిగును, దూలము చివుకును, పిమ్మట గోడ యొరగును.

మానుటకు పేదఱిక మొక్కటియే కారణము కాదు. ఒక యింటికి పదుగురు దాయాదులు, వ్యాజ్యము తెగదు. అందఱికిని హక్కు కలదు, చౌడు చల్లువా రొక్కరును లేరు.

1953లో జిల్లాయే పంపకమయ్యెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును చెందెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ, వకీళ్లైన యీ మువ్వురి నాటకకీర్తిని మనదందుము. వారు మసలిన పట్టణపు టిండ్లు ఎవరివో యందుము. వానకు కన్నడ మిద్దె, తెలుగు మిద్దె యను భేదము లేదు.

రాజధానిలోని వకీళ్లలో, ఉద్యోగులలో పలువురకు అట్టి యింట నొక భాగ ముండవచ్చును. హక్కుల తగవు అట్లే యుండనిండు. ఏటి చౌడు వ్యయమును మాత్రము కలసి భరింపుడు. తీర్పు వచ్చునాటికి పంచుకొనుట కిల్లుండవలెను గదా!