మందు సరైనదే.. పుండు ఎందుకు మానదు? బ్యాక్టీరియా ‘జిగురు కోట’పై అల్ట్రాసౌండ్ అస్త్రం ఎంతవరకు వచ్చింది?

వారాలు గడుస్తాయి. మాత్రలు మారతాయి, ఇంజెక్షన్లు మారతాయి. కాలి పుండు మాత్రం మానదు. షుగర్ పేషెంట్లు ఉన్న చాలా ఇళ్లలో ఇదే పరిస్థితి. ఫలానా యాంటీబయాటిక్ పనిచేస్తుందని ల్యాబ్ రిపోర్టు చెబుతుంది. అదే మందు పుండు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఎందుకిలా?

అసలు చిక్కు ఇక్కడే

దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి బయోఫిల్మ్. బ్యాక్టీరియా గుంపుగా పుండుకు అతుక్కుని, తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. పొద్దున్నే పళ్ల మీద కనిపించే పాచి కూడా ఒక రకం బయోఫిల్మే. మానని పుండ్లలో దాదాపు 78 శాతం వాటిలో ఇది ఉన్నట్లు 2017లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది.

ఈ పొరలోకి మందు సరిగా దిగదు. దిగినా, అడుగున ఆక్సిజన్ అందక నిద్రావస్థలో ఉన్న బ్యాక్టీరియాపై దాని ప్రభావం తక్కువ. ఎందుకంటే చాలా యాంటీబయాటిక్స్ చురుగ్గా పెరిగే బ్యాక్టీరియానే దెబ్బతీస్తాయి. ల్యాబ్‌లో మామూలుగా పరీక్షించేది విడిగా పెరిగే బ్యాక్టీరియాను. పుండులో ఉన్నది కోట కట్టుకున్న బ్యాక్టీరియా. రిపోర్టుకీ, వాస్తవానికీ తేడా అక్కడే వస్తోంది.

శబ్దం ఏం చేస్తుంది?

మన చెవికి వినిపించని ధ్వని తరంగాలే అల్ట్రాసౌండ్. తక్కువ ఫ్రీక్వెన్సీలో దీన్ని ద్రవంలోకి పంపితే సూక్ష్మమైన బుడగలు పుట్టి, ఉబ్బి, పగులుతాయి. ఆ కుదుపునకు జిగురు పొర వదులవుతుంది. మందు లోపలికి వెళ్లే దారి దొరుకుతుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో విలియం పిట్ బృందం 1990ల్లోనే సూడోమోనాస్ బయోఫిల్మ్‌పై జెంటామైసిన్‌తో కలిపి దీన్ని ప్రయోగించింది. మందు ఒక్కటే ఇచ్చినప్పటి కంటే, అల్ట్రాసౌండ్ తోడైనప్పుడు ఎక్కువ బ్యాక్టీరియా చచ్చింది. 2021లో నార్త్ కరోలినా పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. అల్ట్రాసౌండ్ తగిలితే బుడగలుగా మారే అతి చిన్న బిందువులను వాడి, మొండి ఎంఆర్‌ఎస్‌ఏ బయోఫిల్మ్‌పై యాంటీబయాటిక్స్ ప్రభావాన్ని పెంచారు. అయితే ఇవన్నీ ల్యాబ్ ఫలితాలు.

మరి ఆస్పత్రిలో?

ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్‌తో సెలైన్ తుంపరను పుండుపైకి పంపే మెషీన్లు ఇప్పటికే ఉన్నాయి. అమెరికాలో అనుమతీ ఉంది. కానీ ఆధారాలు చాలవని, మరింత పరిశోధన కావాలని బ్రిటన్ సంస్థ నైస్ 2011లోనే చెప్పింది. షుగర్ పుండ్ల శుభ్రతకు మామూలు పద్ధతిని కాదని అల్ట్రాసౌండ్ వాడొద్దని డయాబెటిక్ ఫుట్ అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో సూచించింది.

పైగా ఇవి ప్రధానంగా పుండును శుభ్రం చేసే మెషీన్లు. యాంటీబయాటిక్‌తో జోడీగా వాడటం వేరే సంగతి. బయోఫిల్మ్‌ను చెదరగొట్టినా ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి అల్ట్రాసౌండ్ ఎప్పుడు ఇవ్వాలి, మందు ఎప్పుడు అందాలి అన్నదే కీలకం. దీన్ని పెద్ద సంఖ్యలో పేషెంట్లపై నిరూపించాల్సి ఉంది.

మనకెందుకు ముఖ్యం?

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. మానని పుండు చివరికి వేలు, పాదం తీసేసే దాకా తీసుకెళ్లొచ్చు. మెషీన్ వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. చచ్చిన కండను సర్జన్ బ్లేడుతో తీసేయడం, పుండుపై బరువు పడకుండా చూడటం, కాలికి రక్తప్రసరణ పరీక్షించడం, షుగర్ అదుపు.. ఇప్పటికీ ఇవే అసలు చికిత్స. యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్ ఉంటేనే వాడాలి. పాత చీటీ చూపించి మందుల షాపులో కొనేస్తే పుండు మానదు సరికదా, బ్యాక్టీరియా ఇంకా మొండికేస్తుంది.

ఇంకో మాట. స్కానింగ్ సెంటర్‌లోని మెషీన్, ఫిజియోథెరపీ అల్ట్రాసౌండ్ ఈ చికిత్సకు పనికిరావు. వాటి ఫ్రీక్వెన్సీ వేరు, పని వేరు. ‘అల్ట్రాసౌండ్‌తో పుండు మాయం’ అని ఎవరైనా ప్రకటన ఇస్తే నమ్మేయకండి. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.